శివారులోని చిన్న ప్రకృతి వనం: ఇసుక బాటల మీద మా అనుభవం

ఊరి శివారులో ఉన్న చిన్న ప్రకృతి సంరక్షణ వనానికి ఆరేళ్ల పాపను, మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లొచ్చా, దారులన్నీ ఇసుకే, చుట్టూ తిరిగినా రెండు కిలోమీటర్లు ఉండదు, అరగంటలో అయిపోతే అంత దూరం వెళ్లడం దండగ కదా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఏ వేళకు వెళ్తారన్నది చాలా ముఖ్యం.

నేను అలాంటి ఒక వనానికి మూడేళ్లుగా వెళ్తున్నాను. మొదటిసారి మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఇసుక కాలిపోతోంది, ఒక్క పక్షి కూత లేదు. ఇరవై అయిదు నిమిషాల్లో చుట్టి వచ్చేసి, ఇక్కడ చూడ్డానికేముంది అనుకుని చాలా నెలలు మళ్లీ అటు పోలేదు. తర్వాత ఒకసారి, రాత్రి వాన పడి వెలిసిన తెల్లవారుజామున మా అబ్బాయితో వెళ్లాను. అదే దారి. గేటు నుంచి మొదటి మలుపు దాకా వెళ్లడానికే మాకు ముప్పావుగంట పట్టింది.

వాన ఇసుకను పలకలా చదును చేసేస్తుంది. ఆ తర్వాత దాని మీద ఏది నడిచినా జాడ మిగులుతుంది. పిచ్చుక గెంతుతుంది కాబట్టి దాని అడుగులు జంటలుగా పడతాయి. పావురం నడుస్తుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. కుందేలు జాడల్లో ముందర కనిపించే పెద్ద అడుగులు దాని వెనక కాళ్లవి. గెంతేటప్పుడు వెనక కాళ్లు ముందుకాళ్లను దాటి పడతాయి మరి. ఇది తెలిసిన రోజు మావాడు ఇంటికి రానని మారాం చేశాడు. ఒక చిన్న కిటుకు: జాడ మీకూ సూర్యుడికీ మధ్య ఉండేలా నిలబడండి. ఏటవాలు ఎండలో గుంటల అంచుల నీడలు తేలి, అంతకుముందు కంటికి ఆననివి కూడా కనిపిస్తాయి. ఎండ నడినెత్తికి వచ్చిందంటే అవన్నీ మాయం.

పాపకు తప్పకుండా చూపించాల్సింది ఇంకొకటుంది. ఒరిగిన చెట్టు మొదట్లోనో, బెంచీ కిందో, వాన తగలని పొడి ఇసుకలో గరాటులాంటి చిన్న చిన్న గుంటలు వెతకండి. వాటి అడుగున చీమలను పట్టి తినే యాంట్‌లయన్ అనే కీటకం పిల్లపురుగు దాక్కుని ఉంటుంది. వెనక్కి వెనక్కి గుండ్రంగా తిరుగుతూ, తలతో ఇసుకను ఎగజిమ్ముతూ ఆ గుంట తవ్వుకుంటుంది. పొడి ఇసుక జారిపోకుండా ఎంత వాలుగా నిలవగలదో గోడలు దాదాపు అంత వాలుగా ఉంటాయి. అందుకే చీమ కాలు పెట్టగానే ఇసుక జారుతుంది. చీమ పైకి పాకబోతే పురుగు కింద నుంచి ఇసుక విసిరి మళ్లీ జారేలా చేస్తుంది. పెద్దయ్యాక దానికి రెక్కలొచ్చి చూడ్డానికి తూనీగలా ఉంటుంది. మేము ఒక్క గుంట దగ్గరే ఇరవై నిమిషాలు కూర్చున్నాం. పుల్లతో కెలకొద్దని మాత్రం ముందే చెప్పండి, మళ్లీ తవ్వుకోవడం దానికి ఎంతో కష్టం.

ఇక అమ్మగారి సంగతి. ఇక్కడ జాగ్రత్త కావాలి. గట్టి నేల మీద నడిచే వేగంతోనే ఇసుక మీద నడిస్తే ఒంటికి 2.1 నుంచి 2.7 రెట్ల శక్తి ఖర్చవుతుందని 1998లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మా నాన్నగారి విషయంలో అది కళ్లారా చూశాను. రోజూ గంటసేపు నడిచే మనిషి, పొడి ఇసుకలో పావుగంటకే పిక్కలు పట్టేసి ఆగిపోయారు. చేతికర్ర కూడా దిగబడిపోయింది. మేమున్నది సరిగ్గా చుట్టుబాట మధ్యలో, ఎటు తిరిగినా అంతే దూరం. ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. అప్పటినుంచి ఆయనతో వెళ్తే చుట్టుబాట పట్టడం మానేశాం. నేరుగా పోయి, సగం ఓపిక ఉండగానే వెనక్కి తిరుగుతాం. తడిసిన ఇసుకలో రేణువుల మధ్య నీరు వాటిని పట్టి ఉంచుతుంది, నేల గట్టిగా ఉంటుంది. కాబట్టి వాన వెలిసిన మర్నాడు ఉదయం ఆమెకు కూడా తేలిక. కర్ర అడుగున వెడల్పాటి రబ్బరు బిళ్ల తొడిగించండి. చక్రాల కుర్చీ నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు, చిన్న చక్రాలు కూరుకుపోతాయి.

నడక తేలిక అని బాట పక్కకు దిగే వాళ్లను చాలామందిని చూస్తాను. దయచేసి మీరు దిగకండి. కొన్ని చోట్ల ఇసుక మీద నల్లటి పెచ్చులా కనిపించేది మురికి కాదు. నాచు, శిలావల్కాలు (లైకెన్లు), కంటికి కనిపించని సూక్ష్మజీవులు కలిసి ఇసుకను కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. కాలి కింద పొడైతే తిరిగి కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. అక్కడే ఒంటరి తేనెటీగలు నేలలో బొరియలు చేసుకుంటాయి. అవి గుంపుగా మీద పడే రకం కావు, పాప భయపడక్కర్లేదు. పెద్ద అడవిలో నాలుగు అడుగులు పక్కకు పడితే ఏమో గానీ, ఇంత చిన్న జాగాలో ప్రతి అడుగూ లెక్కే. మావాడిని బాట అంచు దగ్గర బోర్లా పడుకోబెట్టి చూపిస్తాను, అంతే.

మంచినీళ్లు, టోపీ, ఒక భూతద్దం చాలు. చెప్పులు కాకుండా బూట్లు, మేజోళ్లు వేసుకోండి. తిరిగి వచ్చాక ఇసుక దులిపేటప్పుడు పిడుదులేమైనా పట్టాయేమో మడమల దగ్గర, మోకాళ్ల వెనక ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా పాపకు.