సమాధానం: సిరంజిలు ఇస్తున్నా కొత్త హెచ్‌ఐవీ కేసులు ఎందుకొస్తున్నాయి?

సిస్టర్ గారూ, మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్ల గురించి "కొత్త సిరంజిలు ఇస్తున్నాం, ఎవరిది వాళ్లే వాడుతున్నామంటున్నారు, అయినా పాజిటివ్‌లు వస్తున్నాయి" అన్నారు. ముందు మీరు అడిగే తీరు మార్చి చూడండి. "సిరంజి పంచుకున్నారా?" అంటే ఎవరైనా లేదనే అంటారు. "మందు ఎవరు కలిపారు? ఎందులో? వాటాలు ఎలా వేశారు?" అని అడగండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడ బయటపడుతుంది. ఒకరు వాడేసిన సిరంజితో మందు కలిపి, దాంతోనే మిగతావాళ్ల సిరంజిల్లోకి ఎక్కిస్తారు. సూది ఎవరిది వాళ్లదే, రక్తం మాత్రం అందరికీ చేరుతుంది. అందుకే మందు కరిగించే గిన్నె, వడకట్టే దూది, స్టెరైల్ నీళ్లు కూడా మనిషికో సెట్ ఇవ్వాలి. హెపటైటిస్ సి అయితే ఈ దారిన ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది.

ఎన్ని సిరంజిలు ఇస్తున్నారో కూడా లెక్కేయండి. రోజుకు 4 సార్లు ఎక్కించుకునే మనిషి వారానికోసారి వస్తే కనీసం 28 కావాలి, పైన కొన్ని. పాతవి తెస్తేనే కొత్తవి అనే నియమం ఉంటే తీసేయండి. దానివల్ల జరిగే మేలు నాకైతే కనిపించదు.

వాడిన సిరంజిని బ్లీచ్‌తో కడగడం వేరే దారి లేనప్పుడే.

పంచుకున్నామని ఒప్పుకుంటే వెంటనే గంటలు లెక్కపెట్టండి. 72 గంటల్లోపు పెప్ (ప్రమాదం జరిగాక హెచ్‌ఐవీ అంటకుండా వేసుకునే మందులు) మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటితే ఇప్పుడొకసారి, 45 రోజులకు మళ్లీ నాలుగో తరం పరీక్ష (వైరస్ యాంటిజెన్‌నూ, యాంటీబాడీలనూ కలిపి చూసే హెచ్‌ఐవీ రక్తపరీక్ష) చేయించండి. ప్రెప్‌కు (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందులకు) ముందు హెచ్‌ఐవీ నెగటివ్ అని తేలాలి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. ఓపియాయిడ్లు (హెరాయిన్ లాంటి మత్తుమందులు) వాడేవారిని, వాటికి బదులుగా ఇచ్చే మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్ చికిత్సకు అదే రోజు పంపండి.