కొల్మొగోరొవ్ పేరులో ఓత్వం ఎక్కడ?

సందేహం: సోవియట్ గణితవేత్త పేరు ఒకచోట ఆండ్రీ కోల్మోగోరోవ్ అనీ, మరోచోట ఆంద్రే కొల్మగరోవ్ అనీ చూశాను. ఏది ఒప్పు? నికొలాయెవిచ్ ఆయన ఇంటిపేరా?

సమాధానం: అంద్రేయ్ నికొలాయెవిచ్ కొల్మొగోరొవ్ అని రాయడం మేలు.

రష్యన్ మాటలో సాధారణంగా ఒక అచ్చు మీదే ఊనిక (నొక్కి పలకడం) పడుతుంది. అదే కాస్త సాగుతుంది. ఈ పేరులో ఊనిక ‘గో’ మీద. కనుక అక్కడ ఓత్వం, మిగతా మూడుచోట్లా ఒత్వం. హిందీవారు మామూలుగా నాలుగింటినీ దీర్ఘాలుగానే రాస్తారు. మనకు హ్రస్వం, దీర్ఘం రెండూ వాడుకలో ఉన్నాయి. ఆ సౌకర్యాన్ని వదులుకోవడమెందుకు? ఊనికల లెక్క ఆయనకూ ఇష్టమైన పనే. 1933లో జర్మన్ భాషలో వెలువరించిన పుస్తకంతో సంభావ్యతకు స్వీకృతాల (నిరూపణ లేకుండా ఒప్పుకునే మూలసూత్రాల) పునాది వేసిన ఈయనే, 1960లలో రష్యన్ కవి మయకోవ్‌స్కీ పద్యాల లయను గణాంకాలతో పరిశీలించాడు.

ఊనిక లేని ఒకారం మాస్కో పలుకులో అకారానికి దగ్గరగా, చివరి ‘వ్’ ‘ఫ్’లా వినిపిస్తాయి. అయినా కల్మగోరఫ్ అనకూడదు. స్త్రీల పేరులో ‘కొల్మొగోరొవ’ అంటూ వకారం మళ్లీ పలుకుతుంది. ఆయన పేరు ‘ఫ్’తో రాస్తే ఈ రెండూ ఒకే ఇంటిపేరని పోల్చుకోలేం.

రష్యన్ త, ద, మన తవర్గంలాగే పళ్ల దగ్గర పుడతాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చినప్పుడే అవి ట, డ అవుతున్నాయి. అందుకే అంద్రేయ్, 1903లో ఆయన పుట్టిన ఊరు తంబోవ్, టాంబోవ్ కాదు.

నికొలాయెవిచ్ అంటే ‘నికొలాయ్ కొడుకు’. తండ్రి నికొలాయ్ కతాయెవ్. ప్రసవంలోనే తల్లి మరీయ కొల్మొగోరొవ చనిపోగా, ఆమె తోబుట్టువు వేరా పిల్లవాణ్ణి పెంచింది. ఇంటిపేరు అలా తల్లివైపుది. అకారాదిలో ‘క’ కింద చేర్చాలి, ‘న’ కింద కాదు. రష్యన్లు మర్యాదగా ‘అంద్రేయ్ నికొలాయెవిచ్’ అని పిలుస్తారు. మన ‘గారు’ చేసే పని అక్కడ తండ్రిపేరు చేస్తుంది. అనువాదంలో ఆ పిలుపుకు మళ్లీ ‘గారు’ తగిలించనక్కర్లేదు.

విభక్తి చేర్చేటప్పుడు జాగ్రత్త. పొల్లు తర్వాత అక్షరాలను విడదీసే, కంటికి కనిపించని గుర్తు (ZWNJ) టైపు చేయకపోతే ‘వ’ కింద కవత్తు పడి ‘కొల్మొగోరొవ్కు’ అవుతుంది. ‘కొల్మొగోరొవ్‌కు’ అని పొల్లు నిలిచేలా రాయాలి. పేరు మధ్యలోని ‘ల్మొ’కు మాత్రం వత్తే సహజం, దాన్ని విడదీయకండి.