చిప్ కంపెనీలకు సర్కారు సొమ్ము: పిల్ వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న: సెమీకండక్టర్ ఫ్యాక్టరీలు పెట్టే కంపెనీలకు ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా కేంద్రమే ఇస్తోంది. దీనికోసం పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయలేదు. కేబినెట్ నిర్ణయంతోనే పథకం నడుస్తోంది. లాభాల కోసం పనిచేసే ప్రైవేటు సంస్థకు మన పన్నుల డబ్బు ఇవ్వడం చట్టబద్ధమేనా? హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం (పిల్) వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ప్రత్యేక చట్టం లేదన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే ఫలితం ఉండదు. ప్రజా ప్రయోజనం కోసం కేంద్రం, రాష్ట్రాలు గ్రాంట్లు ఇవ్వవచ్చని రాజ్యాంగంలోని 282వ అధికరణ చెబుతోంది. ఎంపీలు స్థానిక పనులకు సిఫార్సు చేసే ఎంపీల్యాడ్స్ నిధుల మీద కూడా అచ్చం మీలాంటి వాదనే వచ్చింది. 2010లో భీంసింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఒప్పుకోలేదు. సర్కారు ఖర్చుకు అనుమతిస్తూ పార్లమెంటు ఏటా ఆమోదించే ద్రవ్య వినియోగ చట్టం చాలు, పథకానికి వేరే చట్టం అక్కర్లేదంది. ఆ ఆమోదం కూడా లేకుండా సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా, నుంచి డబ్బు తీస్తే మాత్రం రాజ్యాంగంలోని 266(3) అధికరణ అడ్డొస్తుంది.

ఇక ప్రైవేటు లాభం సంగతి. కంపెనీ బాగుపడినంత మాత్రాన ప్రజా ప్రయోజనం లేనట్టు కాదు. 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో ఈ పథకానికి ఆమోదం తెలిపినప్పుడు ప్రభుత్వం చూపిన కారణం దేశంలో చిప్‌ల తయారీ. అంత సొమ్ము దీనికి పెట్టాలా అంటే, నాకూ అనుమానాలున్నాయి. అయితే అది ఓటరుగా అడగాల్సిన ప్రశ్న. ఆర్థిక విధానం మంచిదా చెడ్డదా అన్నది తాము తేల్చేది కాదని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో వాటా అమ్మకం కేసులో సుప్రీంకోర్టు 2001లోనే చెప్పేసింది.

మీకు పట్టు దొరికితే చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణ దగ్గరే దొరకాలి. దరఖాస్తులు బహిరంగంగా పిలిచారా? అర్హతలు ముందే ప్రకటించారా, లేక ఒక కంపెనీ వచ్చాక దాని కొలతలకు కుట్టారా? అర్హత ఉన్న మరో సంస్థను కారణం చెప్పకుండా పక్కన పెట్టారా? 2జీ స్పెక్ట్రమ్ కేసులో 2012లో 122 టెలికాం లైసెన్సులు రద్దయింది ఇలాంటి లోపాల వల్లే. అలాగని ప్రతిదానికీ వేలం వేయాలని కాదు. సహజ వనరుల విషయంలోనే వేలం ఒక్కటే దారి కాదని అదే ఏడాది రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. పద్ధతి ఏదైనా అందరికీ ఒకేలా ఉండాలి, అంతే.

అందుకే పిల్ కంటే ముందు సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు. పేపర్ కటింగులు జతచేసి వేసిన పిల్ చూస్తే జడ్జిలకు చిరాకు, ఖర్చులు కూడా మీ నెత్తినే పడొచ్చు. సబ్సిడీ మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కుండానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అంటోంది. మీరు వాటితో పాటు ఎంపిక మార్గదర్శకాలు, మదింపు నివేదిక, ఒప్పందంలో డబ్బు వెనక్కి తీసుకునే షరతులు అడగండి. వాణిజ్య రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపి తిరస్కరిస్తే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని అదే క్లాజులో ఉన్న మాటను ఎత్తిచూపి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.