పెరట్లో వంటగట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మిరపకాయలు వేయిస్తే ఇల్లంతా ఘాటు. పెరట్లో పదడుగుల గట్టు, గ్యాస్ స్టవ్, సింకు పెట్టించాలనుకుంటున్నాం. ఉన్న గచ్చు మీదే కట్టేస్తానంటున్నాడు మేస్త్రీ. సరిపోతుందా? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఒప్పుకోకండి. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పల్చటి గచ్చు దాంతోపాటే లేచి దిగుతుంది. అప్పుడు గట్టు పైన పరిచిన గ్రానైట్, సింకు కోసం కోసిన మూల దగ్గరే పగులుతుంది, రాయి సన్నబడేది అక్కడే కాబట్టి. గట్టు గోడల కింద కనీసం రెండడుగులు తవ్వించి, ఆ మట్టి ఎత్తిపోయించండి. గ్రావెల్ పొరలుగా పోసి దిమ్మిస కొట్టించి, పైన నాలుగంగుళాల కాంక్రీటు వేయించండి. ఇంటి గోడకీ గట్టుకీ మధ్య అరంగుళం సందు వదిలి సీలెంట్ నింపించండి. రెండూ ఒకేలా కుంగవు.

గట్టు ఎత్తు మేస్త్రీ టేపుతో కాదు, వండేవాళ్ల మోచేతితో కొలవాలి: మోచేతికి నాలుగైదు అంగుళాల కింద. స్టవ్ పెట్టేచోట ఇంకో నాలుగంగుళాలు దించితే బాణలిలో అట్లకాడ తిప్పేటప్పుడు భుజం పైకి లేవదు. గ్రానైట్ అంచు గోడకంటే అంగుళం ముందుకి రావాలి. దాని అడుగున సన్నటి గాడి కోయించండి, వాన నీళ్లు అక్కడే బొట్లుగా రాలతాయి. లేదంటే రాయి కిందుగా వెనక్కి పాకి గోడని నానబెడతాయి. నల్లరాయి వద్దు, మే నెల మధ్యాహ్నం చెయ్యి వేయనివ్వదు. తెల్ల పాలరాయి అసలే వద్దు, చింతపండు పులుసు ఒలికితే పాలిష్ పోతుంది.

సింకు పైపుకి అడుగుకి పావంగుళం వాలు చాలు. సిలిండర్ నిలువుగా, స్టవ్ కంటే కింద, పక్కగా ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, కారితే నేలమీదే పాకుతుంది. అందుకే సిలిండర్ అరకి రంధ్రాలు నేలమట్టంలో పెట్టాలి, దగ్గర్లో డ్రైనేజీ చాంబర్ ఉండకూడదు.

ప్రశ్న: మేడమీద స్టవ్ సాయంత్రాలు ఆరిపోతోంది. చుట్టూ రేకు పెట్టేశాను. మంచిదేనా? (పాఠకుడు, విజయవాడ)

జవాబు: తీసేయండి. రేకు వేడిని నాబ్‌ల మీదికి, గొట్టం మీదికి తిప్పుతుంది. గాలిని ఆపాల్సింది బర్నర్ దగ్గర కాదు, గట్టు దగ్గర. గట్టుపైన అడుగున్నర ఎత్తు గోడ వెనకవైపు కట్టండి. పొయ్యి ఆగ్నేయమూలే ఉండాలంటారు గానీ, వేసవి సాయంత్రం సముద్రపు గాలి వచ్చేదీ దాదాపు అటునుంచే! గోడ అటు పెట్టండి, పగటి వడగాలికి పడమర ఒక అడ్డు చాలు. మంట ఆరితే గ్యాస్ తనంతట ఆపే సేఫ్టీ వాల్వ్ ఉన్న స్టవ్వే కొనండి. అది లేకపోతే, ఆరిన సంగతి మీరు చూసేదాకా గ్యాస్ కారుతూనే ఉంటుంది.

ప్రశ్న: గట్టు కింద ప్లైవుడ్ అరలు పెట్టించవచ్చా? (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఒక్క వానాకాలం చాలు, ఉబ్బుతాయి. కడప బండ అరలు, అల్యూమినియం తలుపులు పెట్టించండి. స్టీలైతే 304 గ్రేడు అడగండి. 202 చూడ్డానికి అలాగే ఉంటుంది, ఉప్పు నీళ్లు తగిలితే తుప్పు మచ్చలేస్తుంది.