తండ్రి చేతులు రెండూ ఒకేలా లేవెందుకు?

ప్రశ్న: డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ‘తప్పిపోయిన కుమారుడు’ చిత్రంలో తండ్రి చేతులు రెండూ ఒకేలా ఉండవంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజమే. ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన చిన్న కొడుకును తండ్రి క్షమించి అక్కున చేర్చుకునే బైబిల్ కథే ఈ చిత్రానికి ఆధారం. కొడుకు వీపు మీద ఆనించిన చేతుల్లో ఒకటి వేళ్లు చాచి గట్టిగా పట్టుకున్నట్టు, రెండోది మెత్తగా నిమురుతున్నట్టు కనిపిస్తాయి. ఒకటి తండ్రి చెయ్యి, మరొకటి తల్లి చెయ్యి అని కొందరు చెబుతారు; అందమైన ఊహే గాని, చిత్రకారుడు అలా అన్న దాఖలా లేదు.

నన్నడిగితే చేతులకన్నా ముందు కొడుకు పాదాలను చూడాలి. ఒక చెప్పు జారిపోయి అరికాలు బయటపడింది, రెండోది అరిగి చినిగింది. గొరిగిన తల, చిరుగుల బట్టల మధ్య నడుముకున్న చిన్న కత్తి ఒక్కటే అతడు కలవారి బిడ్డ అని గుర్తు చేస్తోంది.

కుడివైపు ఎర్రటి వస్త్రం కప్పుకుని, చేతికర్ర పట్టుకుని నిలబడ్డ వ్యక్తిని పెద్ద కొడుకుగా చాలామంది గుర్తిస్తారు. అయితే లూకా సువార్త 15వ అధ్యాయం ప్రకారం తమ్ముడు వచ్చేసరికి అతడు పొలంలో ఉన్నాడు, తర్వాత కూడా కోపంతో ఇంట్లోకి రానన్నాడు. అంటే కథలో విడివిడిగా జరిగినవాటిని రెంబ్రాంట్ ఒకే చీకటి గదిలోకి తెచ్చాడన్నమాట.

1636లో ఇదే ఘట్టాన్ని ఆయన చిన్న ఎచింగ్‌గా (లోహపు రేకు మీద గీసి కాగితంపై అచ్చువేసే చిత్రం) చెక్కాడు. 1669లో మరణించడానికి కొద్దికాలం ముందు వేసిన ఈ తైలవర్ణ చిత్రం మాత్రం రెండున్నర మీటర్లకు పైగా ఎత్తుంటుంది. ప్రస్తుతం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది.