రిపేరు చేయించని ఓనర్: అద్దె ఆపాలా, అద్దెలో పట్టుకోవాలా, ఖాళీ చేయాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. అద్దె 18,000, అడ్వాన్సు 36,000. పదకొండు నెలల అగ్రిమెంటులో ఇంకా ఐదు నెలలు మిగిలింది. కొన్ని నెలలుగా బాత్రూమ్ పక్కనున్న బెడ్‌రూమ్ గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. ఆ గోడకున్న స్విచ్‌బోర్డు ముట్టుకుంటే జిల్లుమంటోంది. బెంగళూరులో ఉండే ఓనర్‌కి ఫోన్ చేస్తే ‘చూద్దాం’ అంటారు, అంతే. కరెంటు పనికి 3,400, ప్లంబింగు, టైల్స్ పనికి 11,000, మొత్తం 14,400 అవుతుందని చెప్పారు. రిపేరు చేయించేదాకా అద్దె ఆపేయొచ్చా? మేమే చేయించుకుని అద్దెలో పట్టుకోవచ్చా? ఖాళీ చేయడమే మేలా?

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ స్విచ్‌బోర్డు సంగతి చూడండి. దానికి నోటీసులు, గడువులు అంటూ ఆగొద్దు. ఆ గదికి వెళ్లే ఎంసీబీని (మెయిన్ బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్) ఈరోజే దించేయండి. ఎంసీబీ ఉందిగా అని ధీమా వద్దు. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా అది పడిపోతుందే కానీ, మనిషికి షాక్ కొడితే ఆపదు. ఆ పని చేసేది 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా వెంటనే సప్లై ఆపేసే స్విచ్. మీ డిస్ట్రిబ్యూషన్ బోర్డులో అది లేకపోతే పెట్టించండి. స్విచ్‌బోర్డును పొడిగా ఉన్న గోడకు మార్పించండి, ఎర్తింగ్ కూడా చూపించండి. ఈ 3,400 తిరిగొచ్చినా రాకపోయినా పెట్టాల్సిన ఖర్చే. పని మొదలుపెట్టే ముందు ఓనర్‌కి వాట్సాప్‌లో ఫొటోతో ఒక మాట పంపితే చాలు.

ఇక చెమ్మ. అది ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా ఓనర్‌ని నిలదీసి లాభం లేదు, ఎందుకంటే దాన్నిబట్టి డబ్బు పెట్టాల్సిన మనిషి మారిపోతాడు. తడి సీలింగు నుంచి కిందికి దిగుతుంటే అనుమానం పై ఫ్లాట్ బాత్రూమ్ మీదే. వాళ్ల నహానీ ట్రాప్‌ను (నేల మీద నీళ్లు పోయే జాలీ రంధ్రం) గుడ్డతో బిగించి, రెండంగుళాల మేర రంగు నీళ్లు నింపి 24 గంటలు ఉంచమనండి. మీ వైపు రంగు దిగితే ఖర్చు పై ఫ్లాట్ యజమానిది. బయటి డక్టులోని డ్రైనేజీ పైపు పగిలి గోడ తడుస్తుంటే, అది అందరి ఆస్తి కాబట్టి అసోసియేషన్ చూసుకోవాలి. తడి స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే టైల్స్ పట్టీ) దగ్గర మొదలై పైకి పాకుతుంటే మాత్రం మీ బాత్రూమ్‌లోనే ఏదో ఉంది: గోడ లోపల దాచి వేసిన కన్సీల్డ్ పైపు కారుతుండొచ్చు, లేదా టైల్స్ సందులు వదిలేసి ఉండొచ్చు. ట్యాపులన్నీ కట్టేసి ప్లంబరు చేత ప్రెషర్ పంపుతో లైన్ టెస్ట్ చేయించండి. పంపు మీటరు ముల్లు పడిపోతే పైపే. నిలబడితే టైల్స్ సందులైనా అయ్యుండాలి, వాడిన నీళ్లు పోయే వేస్ట్ లైనైనా అయ్యుండాలి. ఇది చూడకుండా పుట్టీ, రంగు వేయించేవాళ్లే ఎక్కువ. మూలం అలాగే ఉంటుంది కాబట్టి ఆ పెచ్చులు మళ్లీ ఊడతాయి, ఖర్చు రెండోసారి పడుతుంది.

లోపం మీ ఫ్లాట్‌దేనని తేలిందనుకుందాం. అద్దె ఆపేయడం మాత్రం వద్దు. ఆపిన రోజు నుంచి గొడవ రిపేరు గురించి కాదు, మీ బాకీ గురించి అవుతుంది. అగ్రిమెంటు తప్పిన మనిషి మీరవుతారు, వసూలు చేసుకోవడానికి ఓనర్ చేతిలో 36,000 సిద్ధంగా ఉంటుంది.

అద్దెలో పట్టుకోవడానికి చట్టంలో దారి ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, సెక్షన్ 108(ఎఫ్). ఓనర్ ‘చేయాల్సిన’ రిపేరును నోటీసు అందాక తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. చాలామంది ఇంతవరకే చదివి ఊరుకుంటారు. మెలిక ‘చేయాల్సిన’ అన్న దగ్గరుంది. ఇంటికి రిపేర్లన్నీ ఓనరే చేయించాలని ఆ సెక్షన్ ఎక్కడా అనదు. ఆ బాధ్యత ముఖ్యంగా మీ అగ్రిమెంటులోంచి రావాలి. అందుకే అందులో రిపేర్ల క్లాజు తీసి చదవండి. పెద్ద రిపేర్లు ఓనరువి, చిన్నవి అద్దెదారువి అని ఉంటే మీ పక్షం బలంగా ఉన్నట్టే. కన్సీల్డ్ పైపును చిన్న రిపేరనడం కష్టం. అన్నీ అద్దెదారే చూసుకోవాలని ఉంటే ఈ సెక్షన్ మీకు అక్కరకు రాదు. ఏమీ రాయకపోతే, ‘చేయిస్తాను’ అని ఓనర్ నుంచి ఒక్క వాట్సాప్ మెసేజ్ సంపాదించండి. ఫోన్లో చెప్పిన మాటకు రుజువు ఉండదు.

అద్దె వివాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్దామన్నా మీకు వీలు పడదు. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు. అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించకూడదని, ఓనర్ చేయించని రిపేర్ల ఖర్చు పట్టుకోవచ్చని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం చెప్తుంది. అయితే అది నమూనాయే. ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ పనికొస్తుంది.

లెక్క ఇలా వేయండి. ఖర్చును, ఆ ఇంట్లో ఇంకా ఉండబోయే నెలలతో భాగించండి. ఐదు నెలల్లో ఎలాగూ వెళ్లిపోయేట్టయితే 14,400 అంటే నెలకు 2,880. అందులో కరెంటు పని మాత్రం చేయించి, 11,000 జోలికి పోవద్దు. ఆ గదిలోంచి మంచాలు జరిపి, కొత్త ఇల్లు చూసుకోండి. ఇంకో పదకొండు నెలలు పొడిగించుకుని 16 నెలలు ఉంటారా, అప్పుడు నెలకు 900. బాగున్న ఇంటికి అది దండగేమీ కాదు, తిరిగొస్తే ఇంకా మంచిది. ఖాళీ చేసే ఖర్చు లెక్కించేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. లారీ, కూలీలకు ఎనిమిది పదివేలు, బ్రోకరు ద్వారా వెళ్తే ఒక నెల అద్దె, పెయింటింగ్ పేరుతో ఓనర్ అడ్వాన్సులో కోసుకునే మరో నెల అద్దె, అన్నీ కలిపి 45,000 అని బెదిరిపోతారు. అవి ఎప్పుడు వెళ్లినా పడే ఖర్చులే. ఇప్పుడే వెళ్లడం వల్ల అదనంగా పడేది, కొత్త ఇంటి అడ్వాన్సు ముందు కట్టి పాతది వచ్చేదాకా ఆగాల్సిన ఇబ్బంది. ఆ 36,000–40,000 చేతిలో ఉంచుకుని దిగండి, క్రెడిట్ కార్డు మీద కాదు.

ఉండాలనుకుంటే ఓనర్‌కి కోపం రాని బేరం పెట్టండి. ఈ మెసేజ్ వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ పంపి, అదే కాగితం మీద రాసి అగ్రిమెంటులోని చిరునామాకు స్పీడ్ పోస్ట్ చేయండి, డెలివరీ రుజువు దాచుకోండి:

‘సార్, బెడ్‌రూమ్ గోడలో పైపు లీకవుతోంది. ఫొటోలు, ప్లంబరు రాసిచ్చిన ఎస్టిమేటు పంపుతున్నాను. ఈ మెసేజ్ అందిన 15 రోజుల్లో మీరు మనిషిని పంపి చేయించగలరు. వీలుకాకపోతే నేనే చేయించి, బిల్లులు మీకు పంపి, స్విచ్‌బోర్డు పనితో కలిపి మొత్తం 14,400 రూపాయలను మూడు నెలల అద్దెలో నెలకు 4,800 చొప్పున పట్టుకుంటాను. మీకు సమ్మతమైతే అగ్రిమెంటు ఇంకో పదకొండు నెలలకు పొడిగించుకుందాం.’

దూరాన ఉన్న ఓనర్‌కి మనిషిని వెతకడం, పని దగ్గర నిలబడటం పెద్ద తలనొప్పి. ఆ బరువు మీరు మోస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. ఇంకొక ఎస్టిమేటు కూడా జతచేయండి, రేటు పెంచారన్న మాట రాదు. చట్టం వడ్డీ ఇస్తుంది కదా అని అడగొద్దు. మూడు నెలల వడ్డీ వందల్లోనే ఉంటుంది, దాని కోసం సంబంధం చెడుతుంది.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, క్లాజు మీ వైపున్నప్పుడే ముందుకెళ్లండి. బిల్లులు మీ పేరు మీద తీసుకుని, యూపీఐతో చెల్లించండి. గోడ పగలగొట్టక ముందు, పగలగొట్టాక పైపు కారుతుండగా, పని అయ్యాక ఫొటోలు తీయండి. ఆ తర్వాత నెల అద్దె తేదీ ఒక్కరోజు కూడా దాటనివ్వకుండా 13,200 పంపి, ‘18,000లో రిపేరు 4,800 పోను’ అని రాయండి. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె అలవెన్సు) మినహాయింపు తీసుకుంటుంటే ఆ మూడు నెలల రసీదుల్లోనూ ఈ సర్దుబాటు రాయించండి. బ్యాంకులో 13,200 కనిపించి రసీదులో ఉత్త 18,000 ఉంటే తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఎదురుదెబ్బ ఎలా రావచ్చో కూడా తెలుసుకోండి. పదకొండు నెలలు దాటి, కొత్త అగ్రిమెంటు లేకుండా అద్దె కడుతూ ఉంటే మీది నెలవారీ అద్దె కింద లెక్క. కారణం చెప్పకుండానే 15 రోజుల నోటీసుతో ఓనర్ దాన్ని ముగించవచ్చు. పొడిగింపును రిపేరుతో ముడిపెట్టమన్నది అందుకే. అంతమాత్రాన తాళం వేసి గెంటేసే హక్కు ఆయనకు లేదు. అలా చేస్తే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకెళ్లి ఇంట్లోకి తిరిగి ప్రవేశం కోరవచ్చు.

వెళ్లేటప్పుడు అడ్వాన్సులోంచి ఈ 14,400 కోసేస్తానంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీ పడితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఓనర్ రాకపోతే సివిల్ దావా ఒక్కటే మిగులుతుంది. ఇంత మొత్తానికి లాయరు ఫీజు లెక్క వేసుకున్నాకే ఆ గుమ్మం ఎక్కండి.