అల్లుడి కథ రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ రాతప్రతి చేరింది. నెవిల్ వాడియా మీద పద్దెనిమిది పేజీలు. ఒకసారి టీ తాగుతూ, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "జిన్నా అల్లుడు" అని మొదలుపెట్టావు, "జిన్నా అల్లుడు" తోనే ఆపేశావు. ఆ మనిషి 1952 నుంచి 1977 దాకా, పాతికేళ్లు, బాంబే డైయింగ్ అనే బట్టల మిల్లుల కంపెనీకి చైర్మన్‌గా ఉన్న సంగతి మాత్రం కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు ఒక్క పేరాలో తేల్చేశావు.

ఇదే తప్పు చేసి చివాట్లు తిన్నవాణ్ని కనుక చెబుతున్నా. ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్ద రాజకీయ కుటుంబం అల్లుడి మీద పన్నెండు పేజీల వ్యాసం రాశాను. ఆయనకు నూనె మిల్లు ఉండేది. అచ్చయ్యాక ఇంటికి పిలిచాడు. ఉప్మా పెట్టించాడు. నేను సగం తిన్నాక పత్రిక తెచ్చి ముందు పరిచాడు. తాను కర్తగా ఉన్న వాక్యాల కింద ఎర్ర గీతలు కొట్టి ఉన్నాయి. లెక్కపెడితే నాలుగు. "మిగతావన్నీ మా మామగారివే కదండీ" అన్నాడు నవ్వుతూనే. "మా మిల్లులో బాయిలర్ ఎన్నింటికి అంటిస్తారో ఒక్కసారైనా అడిగారా?" అడగలేదు. ఆ ఉప్మా ఇప్పటికీ గొంతులో అడ్డంగానే ఉంది.

జామాతా దశమ గ్రహం అంటారు మనవాళ్లు. ఉన్న తొమ్మిదింటికీ జాతక చక్రంలో తలా ఒక చోటు దొరుకుతుంది గానీ ఈ పదోవాడికి దొరకదు. రాజకీయ కుటుంబంలో పిల్లను చేసుకున్న వ్యాపారిని మనం రెండే గళ్లలో కూర్చోబెడతాం. మామ పేరు చెప్పుకుని బాగుపడ్డాడనో, మామ పేరు కింద నలిగిపోయాడనో. నెవిల్ ఈ రెండింట్లోనూ ఇమడడు. పెళ్లయ్యేనాటికే ఆ ఇంటికి మిల్లులున్నాయి. వాడియా అంటే గుజరాతీలో ఓడలు కట్టేవాడని. ఆ పార్సీ వంశంలో లవ్‌జీ నస్సర్వాన్‌జీ 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చి ఓడలు కట్టాడు. నౌరోజీ వాడియా 1879లో బాంబే డైయింగ్ పెట్టాడు. అప్పట్లో నూలును చేత్తో రంగులో ముంచి ఎండలో ఆరేసేవాళ్లు. అలాంటి ఇంటి పిల్లవాడికి మామగారి పలుకుబడితో ఏం పని? మామగారికి ఆ సంబంధమే ఇష్టం లేదాయె.

మిల్లు సంగతి నాకు కాస్త దగ్గరిది. నేను పుట్టింది బొంబాయి పరేల్‌లోని నౌరోజీ వాడియా ప్రసూతి ఆస్పత్రిలో. మిల్లు కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్ల కోసం నెవిల్ తండ్రి నెస్, ఆయన సోదరుడు కస్రో కలిసి 1926లో పెట్టించారు దాన్ని. మా నాయిన కరీంనగర్ దిక్కు నుంచి పోయిన పద్మశాలి. వేరే మిల్లులో సాంచా మీద, అంటే మరమగ్గం మీద, పనిచేశాడు. రాత్రి పాళీ దిగి, కార్మికుల వరుస గదులుండే చాల్‌కు వస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి, నూగు పట్టి. అమ్మ మంచినీళ్లు ఇచ్చే ముందు కొంగుతో అవి తుడిచేది. పక్కనే కూర్చున్నా అరిచినట్టే మాట్లాడేవాడు, సాంచాల మోతకు చెవులు మొద్దుబారి. నెవిల్ కూడా బతుకంతా ఆ మోత పక్కనే వ్యాపారం చేశాడు. దూది మాత్రం ఆయన కనుబొమ్మల మీద పడి ఉండదు. ఆయనకూ మా నాయినకూ మధ్య ఉన్న ఆ దూరం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. మలబార్ హిల్‌లోని జిన్నా బంగళా మాత్రం మూడు పేజీలుంది.

ఇక నీ పదో పేజీ. "దేశంలో లక్షలాది ముస్లిం కుర్రాళ్లుండగా నీకు వీడే దొరికాడా?" అని జిన్నా అడగడం, "లక్షలాది ముస్లిం అమ్మాయిలుండగా మీరు మా అమ్మనెందుకు చేసుకున్నారు?" అని ఆయన కూతురు దీనా ఎదురడగడం. రక్తి కట్టే సన్నివేశమే, కాదనను. కానీ నువ్వు ఆ గదిలో లేవు. ఒకప్పుడు జిన్నా దగ్గర పనిచేసిన ఎం.సి. చాగ్లా తన జ్ఞాపకాల్లో చెప్పిన ముచ్చట అది. చాగ్లా చెప్పాడని రాయి. నువ్వు కల్పించిన కర్టెన్లు, కన్నీళ్లు, గడియారం టిక్కుటిక్కు తీసెయ్.

పైగా దీనా ఎత్తిపొడుపు పక్కన పెట్టాల్సిన సంగతి వదిలేశావు. 1918లో జిన్నా పెళ్లాడిన రత్తీ, అంటే దీనా తల్లి, కూడా పార్సీ మిల్లు యజమానుల ఇంటి పిల్లే, సర్ దిన్షా పెటిట్ కూతురు. పెటిట్‌కు ఆ పెళ్లి బొత్తిగా ఇష్టం లేదు. పిల్లకు పద్దెనిమిది నిండేదాకా ఆగి చేసుకున్నారు. అంటే ఇరవై ఏళ్ల ముందు మిల్లు ఇంటివాళ్లకు నచ్చని అల్లుడు ఈ జిన్నాయే. 1938లో ఆయనకు నచ్చని అల్లుడు మిల్లు ఇంటివాడు. ఇది రాయడానికి విశేషణమే అక్కర్లేదు, రెండు తారీఖులు పక్కపక్కన పెడితే చాలు.

తారీఖులంటే గుర్తొచ్చింది. దీనా పుట్టింది 1919 ఆగస్టు 14, 15 మధ్య రాత్రి అని తెలియగానే నీకు ఒళ్లు పులకరించినట్టుంది, ఏకంగా ఓ అధ్యాయం అల్లేశావు. కొట్టెయ్. పెళ్లినాటికి, ముస్లింలకు వేరే రాజ్యాలు కోరిన లాహోర్ తీర్మానానికి ఇంకా ఏడాది పైన ఉంది. ఆ పెళ్లికొడుకు చేసుకున్నది బొంబాయిలో పేరున్న బారిస్టరు, ముస్లిం లీగ్ నాయకుడు అయిన ఒకాయన కూతుర్ని. పాకిస్తాన్ జాతిపిత కూతుర్ని కాదు. 1947ను వెనక్కి లాక్కొచ్చి 1938 పెళ్లిపందిట్లో కూర్చోబెట్టకు.

తండ్రి కూతుర్ని పూర్తిగా వదిలేసుకున్నాడని కూడా రాశావు. 1939 మే 30న జిన్నా రాసిన వీలునామా చూశావా? రెండు లక్షల రూపాయలు వేరుగా పెట్టి, నూటికి ఆరు చొప్పున వచ్చే వడ్డీ, నెలకు వెయ్యి రూపాయలు, దీనాకు జీవితాంతం ఇవ్వమన్నాడు. పెళ్లయి ఏడాది తిరగలేదు అప్పటికి. కోపగించిన తండ్రి నూటికి ఆరు చొప్పున లెక్క కట్టాడంటే, ఆ కోపం ఎంతో పాఠకుడే తూచుకుంటాడు. నువ్వు పక్కన నిలబడి నిట్టూర్చనక్కర్లేదు.

నెవిల్, దీనా 1943లో విడిపోయారు. ఇది మాత్రం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, మంచిపని చేశావు. విడిపోయినవాళ్ల పడకగదిలోకి తొంగిచూడటం మన పని కాదు.

కానీ 1971 దగ్గర నిన్ను క్షమించలేను. నెవిల్ బతుకులో అసలు కథంటే అదీ. బాంబే డైయింగ్‌ను కలకత్తా పారిశ్రామికవేత్త ఆర్.పి. గోయెంకాకు అమ్మేసి విదేశాల్లో స్థిరపడదామనుకున్నాడు. కొడుకు నుస్లీకి అప్పుడు పాతికేళ్లు దాటాయంతే. వద్దన్నాడు. తల్లి, సోదరి, స్నేహితులు, జె.ఆర్.డి. టాటా తోడు నిలిస్తే 11 శాతం షేర్లు పోగుచేశాడు. ఉద్యోగులను కూడదీసి, వాళ్లు దాచుకున్న డబ్బుతో షేర్లు కొనిపించాడు. ఆ బలంతో లండన్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లి అమ్మకం ఆపించాడు. ఇందులో జిన్నా కూతురు ఎక్కడుందో చూశావా? షేర్ల లెక్కలో ఉంది, కొడుకు పక్షాన. నువ్వు పద్దెనిమిది పేజీలు వెతికిన రాజకీయ కుటుంబం ఆ మిల్లులోకి అడుగుపెట్టింది ఈ తలుపు గుండానే. ఆ జె.ఆర్.డి. కూడా పరాయివాడేం కాదు, దీనా మేనమామకు బావమరిది. ఈ కథలో ఎటు తవ్వినా చుట్టరికమే తగులుతుంది, మన పెళ్లిళ్లలో పంక్తి భోజనాల దగ్గర తగిలినట్టు.

నెవిల్ ఎందుకు అమ్మబోయాడు? భయమా, విసుగా, దేశం నడుస్తున్న తీరు నచ్చకా? నువ్వు "దేశం మీద నమ్మకం పోయింది" అని ఒక్క ముక్కలో తీర్పు చెప్పేశావు. కాగితం దొరికితే తప్ప ఆ తీర్పు నిలవదు. ప్రశ్నను ప్రశ్నగానే ఉంచితే వ్యాసానికి వచ్చిన నష్టమేమీ లేదు. కొడుకు మాట విని సంతకం మానుకున్న ఆ తండ్రి ఆరేళ్ల తర్వాత కుర్చీ అతనికే ఇచ్చాడు. నా మటుకు నాకు, జిన్నాను ఎదిరించి పెళ్లి చేసుకోవడం కంటే ఇదే కష్టమైన పని.

సెలవులు చూసుకుని ఒకసారి బొంబాయి వెళ్లిరా. దాదర్ దగ్గర బాంబే డైయింగ్ వాళ్ల స్ప్రింగ్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు మెడ విరిగేంత ఎత్తు మేడలున్నాయి, వాటి ముందు ఫొటో దిగి వచ్చెయ్యకు. వర్లీ, ప్రభాదేవి వైపు మనవాళ్ల పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఆదివారం పొద్దున వెళితే ముసలాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. మామగారి ప్రసక్తి తేకు. 1971లో షేర్లు కొన్నారా అని అడుగు. కొన్నామంటే, ఆ కాగితం ఏ ట్రంకుపెట్టె అడుగునైనా ఉందేమో తీయించి చూడు.

ఆశీస్సులతో,
అన్నయ్య